ఉరుముకొండ కోట ఓడిపోయిన విధం

ఈమధ్య మా వైపు కోటల మీద ప్రేమ కట్టలు తెంచుకుంటోంది. గుట్ట మీద నాలుగు రాళ్ళు పేర్చి కనిపిస్తే చాలు, దానికో చరిత్ర, ఆ చరిత్రకో సంఘం, సంఘానికో అధ్యక్షుడు, అధ్యక్షుడికో శాలువా. మొన్న ఉరుముకొండ కోట వాకిట కూడా నీలం బోర్డు పాతారు. భీకర సంగ్రామానికి వేదికై, సరిహద్దు రక్షణలో అణుమాత్రమూ వెనుకాడని వీరదుర్గం ఇదేనని అందులో రాశారు. రాసినవారిని తప్పుపట్టను. సంగ్రామం జరిగిన మాట నిజం, సరిహద్దును రక్షించిన మాట మరీ నిజం. ఎలా రక్షించారో రాయడానికి రేకు చాలి ఉండదు. ఆ యుద్ధంలో గెలిచింది మా పూర్వులు. చరిత్ర గెలిచినవాళ్ళే రాస్తారంటారు కనక, బోర్డులో పట్టని భాగం నేను రాస్తున్నాను.

ఉరుముకొండ కొండమల్ల సంస్థానం వారిది. దానికి తూర్పున, నడిచి వెళితే చొక్కా తడిసేంత దూరంలో గొడుగుకొండ ఉంది. అది వేదగిరి సంస్థానం వారి కోట. రెండు కొండల నడుమ నల్లరేగడి పల్లం, ఆ పల్లంలో నడిమిపల్లె. ఆ ఊరు మాదంటే మాదని రెండు సంస్థానాలూ తాతల కాలం నుంచీ పోట్లాడుకుంటున్నాయి. రెండు కోటలూ కట్టింది అందుకే. పొద్దున ఊళ్ళో పొయ్యిలు రాజేస్తే పడమటి బురుజు మీది సిపాయి ‘మా ఊరి పొగ’ అనేవాడు. తూర్పు బురుజు మీదివాడూ ఆ మాటే అనేవాడు. పంట చేతికొచ్చే వేళకి ఇద్దరూ కొండ దిగి చెరొక పాలు జొన్నలు పట్టుకుపోయేవారు. మిగిలింది ఊరు తినేది.

ఆ ఊళ్ళో ఈరమ్మ అని ఒక ముసలమ్మ ఉండేది. మొగుడూ కొడుకూ కోడలూ పోగా, ఇద్దరు మనవరాళ్ళతోనూ వాకిట్లో ఒక జొన్నల పాతరతోనూ మిగిలింది. పాతరంటే భూమిలో తవ్విన గుంత. గడ్డి పరిచి, గింజలు పోసి, పైన మట్టి కప్పేస్తారు. వాన ముఖం చాటేసిన ఏడు మాత్రమే దాన్ని తెరుస్తారు. ఈరమ్మ పాతరలో తిండిగింజలూ ఉన్నాయి, పైయేటికి విత్తనమూ ఉంది. రాజులు వస్తారు పోతారు, పాతర మీది మట్టి కదలకుండా ఉంటే పిల్లలు బతుకుతారు అన్నది ఆవిడకి తెలిసిన రాజనీతి.

ఇలా ఉండగా రెండు సంస్థానాల మధ్యా వియ్యం కుదిరింది. వేదగిరి రాజకుమార్తెను కొండమల్ల యువరాజుకి ఇచ్చారు. పిల్లకి పసుపుకుంకాల కింద నడిమిపల్లెను రాసిచ్చారు. తాతల నాటి తగాదా తలంబ్రాలతో తీరిపోయింది. ఊళ్ళో దండోరా వేశారు.

“ఇంగ ఒగరికే పాలు ఇయ్యల్ల. ఆ పిల్ల పసుపుకుంకాలు సల్లంగుండ,” అంది ఈరమ్మ. ఆ ఏడు పాతర మీద ఇంకో తట్ట మట్టి వేసి మెత్తింది.

పెళ్ళి పందిరి విప్పకముందే సరిహద్దుల దఫ్తరు పెద్ద, నరహరి పంతులుగారు, పల్లకీలో ఉరుముకొండ వచ్చారు. కిల్లేదారు ఓబుళరాజు ఎదురెళ్ళి బురుజు మీదికి తీసుకుపోయాడు. ఓబుళరాజుది నాలుగు తరాలుగా ఆ కోటనే ఏలుతున్న కుటుంబం. మంచివాడు. కత్తి తీస్తే తుప్పు రాలుతుందని తీసేవాడు కాదు.

పంతులుగారు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని తూర్పు దిక్కు చాలాసేపు చూశారు.

“కిల్లేదారుగారూ, ఇచ్చటినుండి తమకు శత్రుభూమి గోచరించుచున్నదా?”

“గొడుగుకొండ కనపడతా ఉండాది గదా పంతులుగారూ.”

“దానికిని మనకును నడుమ నున్న దేమి?”

“నడిమిపల్లె. మొన్న పెండ్లిలో మనకొచ్చింది.”

“కనుక తమ కోట యెదుట నున్నది స్వభూమి. స్వభూమికి అభిముఖముగా నున్నది సరిహద్దు దుర్గము కానేరదు. అంతర దుర్గమగును. అంతర దుర్గమునకు సర్కారువారు మంజూరు చేయునది ఒక దీపము, దానిని వెలిగించుటకు ఒక మనిషి.”

“సిపాయిలు?”

“దీపమునకు సిపాయిలెందుకు?”

సరిహద్దు దుర్గం గనక దివాణం నుంచి బండ్ల మీద జొన్నలు వస్తున్నాయి. సిపాయిలూ, వాళ్ళ పెళ్ళాం బిడ్డలూ, గుర్రాలూ ఆ జొన్నల మీదే ఉన్నారు. కోట ఉండి కూడా సరిహద్దు పోవడమంటే, ఇల్లుండి కూడా వంటిల్లు పోవడమే.

“పోనీ కోటనే ముందుకి జరుపుకుందాం పంతులుగారూ. రాయి రాయీ మోసుకుపోయి గొడుగుకొండ కింద కట్టుకుంటాం.”

“ఆలోచించితిమి. సరిహద్దు దుర్గము కొండపై నుండవలెనని నిబంధన. పల్లములో కొండ లేదు. కొండను కూడ జరుపవలసి వచ్చును. కొండలు మా దఫ్తరు క్రిందికి రావు.”

“అయితే ఆ ఊరిని వేదగిరోళ్ళకే తిరిగి ఇచ్చేద్దాం.”

పంతులుగారు చెవులు మూసుకున్నారు. పసుపుకుంకాలు తిరిగి ఇవ్వడం ఎంత అమంగళమో, యువరాణి ఎంత నొచ్చుకుంటుందో వివరించారు. వివరించాక గొంతు తగ్గించారు.

“ఇచ్చుట దోషము. యుద్ధములో పోగొట్టుకొనుట దోషము కాదు, అది క్షాత్రము.”

“నన్ను ఓడిపొమ్మంటారా?”

“అట్లు నేననలేదు. ఓటమి యనునది సంభవించినచో దఫ్తరువారు దానిని సానుకూల దృష్టితో పరిశీలింతురని మాత్రమే మనవి చేసితిని.”

ఎద్దు ఈనిందంటే గాటన కట్టమనే కాలం అది. ఓబుళరాజు మర్నాడే కత్తికి తుప్పు వదిలించడానికి కూర్చున్నాడు.

ఓడిపోవాలంటే ముందు ఎవరో ఒకరు వచ్చి గెలవాలి. గొడుగుకొండ కిల్లేదారు తిమ్మప్ప నాయడికి కోపిష్టి అని పేరు. ఆయన మీసాలు మేకపిల్ల తోకల్లా ఉంటాయని, చేతనైతే వచ్చి నడిమిపల్లె పట్టుకొమ్మని ఓబుళరాజు దూతతో కబురంపాడు. దూత మాట్లాడేటప్పుడు తన మెడని తానే పట్టుకుని ఉన్నాడు. తిమ్మప్ప నాయడు అంతా విని, అద్దం తెప్పించుకుని మీసాలు చూసుకుని, “మీ దొర చెప్పింది నిజమే,” అన్నాడు. దూతకి మజ్జిగ ఇప్పించి పంపేశాడు.

ఆయన పెద్దరికానికి కారణం ఉంది. రెండు సంస్థానాల దఫ్తరులూ ఒకే పాత తాటాకుల కట్ట చూసి నిబంధనలు రాసుకున్నాయి. నడిమిపల్లె గెలిస్తే గొడుగుకొండ ఎదుట కూడా స్వభూమే ఉంటుంది, ఆయనకీ దీపమే మిగులుతుంది. మేకపిల్ల తోకలన్నా, మేకపిల్లే అన్నా ఆయన కొండ దిగడు.

ఇక ఓబుళరాజు తనే దండెత్తాల్సి వచ్చింది. డప్పులు, కొమ్ములు, రెండు ఫిరంగులతో ఉరుముకొండ సైన్యం పల్లంలోకి దిగింది. నడిమిపల్లెలో దాహానికి ఆగినప్పుడు ఈరమ్మ ముంతతో నీళ్ళిచ్చింది.

“పోట్లాట యాడ నాయనా?”

“గొడుగుకొండ కాడ అవ్వా.”

“ఎవురు గెలుస్తారు?”

“దేవుడు దయతలిస్తే వాళ్ళే,” అని ఓబుళరాజు దండం పెట్టుకున్నాడు. పెద్దమనిషికి ఎండదెబ్బ తగిలిందని ఈరమ్మ ఇంకో ముంత నీళ్ళిచ్చింది.

గొడుగుకొండ చేరేసరికి కోట తలుపులు బార్లా తీసి ఉన్నాయి. గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టి ఉంది. వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టారు. లోపల అరుగు మీద మజ్జిగ కుండలు వరసగా ఉన్నాయి. మనిషి అలికిడి లేదు. తిమ్మప్ప నాయడు సైన్యాన్నంతా కొండ వెనక దాచి, తను పొరపాటున కూడా గెలవకుండా, తన మీదికి వచ్చిన శత్రువునే ఎలాగైనా గెలిపించే ఏర్పాటు చేశాడు.

“ఒక్కడు కూడా లోపలికి పోవద్దు,” అన్నాడు ఓబుళరాజు. “గడప దాటినామంటే కోట గెలిచినట్టే. మన సరిహద్దు ఇంకా అవతలికి పోతుంది.”

సైన్యం ఎండలో నిలబడింది. గాలి మజ్జిగలో కరివేపాకు వాసన మోసుకొచ్చింది. గంగులనే సిపాయి ఎంతసేపు ఓర్చుకుంటాడు? తోటివాళ్ళు పట్టుకునేలోగా ఒక్క పరుగున లోపలికి పోయి కుండ ఎత్తాడు. కొండ వెనక నుంచి వెంటనే నగారాలు మోగాయి. “గెలిచినారు, ఉరుముకొండోళ్ళు గెలిచినారు,” అని తిమ్మప్ప మనుషులు కేకలు పెట్టారు. ఓబుళరాజు గంగులు మెడకి ఉత్తరీయం వేసి బయటికి లాగాడు. తాగింది దొంగతనమే గాని విజయం కాదని అందరి ముందూ వాడి చేత ఒట్టు వేయించాడు. దొంగతనానికి పడే కొరడాదెబ్బలకి వాడు సంతోషంగా ఒప్పుకున్నాడు.

ఆ పైన ఉరుముకొండ సైన్యం వెనక్కి తిరిగి పారిపోయింది. ఫిరంగులు వదిలేసి పారిపోయింది. నడిమిపల్లెలో రాములవారి గుడి పక్కన పాతిన తమ జెండా కూడా పీక్కుని పారిపోయింది. జెండా లేని భూమి దగ్గరున్న శత్రువుకి చెందుతుందని సరిహద్దు నిబంధన. ఓడిపోయామన్న ఆనందంతో ఆ పూట ఉరుముకొండలో పాయసం వండుకున్నారు.

తిమ్మప్ప నాయడు ఊరుకుంటాడా? తన సైన్యంతో పల్లంలోకి దిగి, కొండమల్ల వారి జెండాలాంటిదే ఒకటి కుట్టించి, పాత చోటనే పాతించాడు. ఆ సంగతి తెలిసి ఓబుళరాజు వచ్చి దాన్ని పీకి వేదగిరి జెండా పాతాడు. ఆయన పీకడం, ఈయన పాతడం. శత్రువు జెండాకి కాస్త చిరుగు కనిపిస్తే కూర్చుని కుట్టేవారు కూడా. రెండు సైన్యాల కాళ్ళ కిందా పడి నడిమిపల్లెలో మా వాళ్ళ జొన్నచేలు నలిగిపోయాయి. వెన్ను తొడిగిన పైరది. దున్నపోతులు రెండూ కుమ్ముకుంటే నడుమ లేగలు నలిగినట్టు అంటారు గాని, ఇక్కడ దున్నపోతులు కుమ్ముకోలేదు కూడా.

ఒకరోజు పీకడానికి వచ్చినవాళ్ళూ పాతడానికి వచ్చినవాళ్ళూ ఈరమ్మ ఇంటి ముందు వీధిలో ఎదురుపడ్డారు. ఇద్దరు కిల్లేదార్లూ ఒకేసారి గుర్రాలు దిగి, ఒకేసారి కత్తులు రెండు చేతుల మీదా పెట్టి చాచారు.

“నేను లొంగిపోయినా తిమ్మప్పా. నువ్వు మగోడివి, తీసుకో.”

“ముందు నాది తీసుకోండి రాజుగారూ. మీరు వయసులో పెద్దోళ్ళు.”

“పెద్దరికం యుద్ధంలో లేదప్పా.”

“నాకు ఉండాది.”

చేతులు నొప్పి పుట్టేదాకా అలాగే నిలబడ్డారు. తీసుకునేవాడు లేడు. చివరికి కొండమల్ల దఫ్తరు నుంచి నరహరి పంతులుగారినీ, అవతలి నుంచి ఆయనంతటి ఇంకో పంతులుగారినీ పిలిపించారు. ఇద్దరు పంతుళ్ళూ వేపచెట్టు నీడన కూర్చుని యుద్ధధర్మం తిరగేశారు. అందులో మా సీమ ఆచారం ఒకటి ఉంది. ఓడినవాడు గడప మీద కత్తి పెడితే, ఆ గడప ఎవరిదో వాళ్ళే గెలిచినట్టు. అతన్ని అతని రాజు పిలిపించుకునేదాకా ఆ ఇంటివాళ్ళే కూడు పెట్టాలి. శరణన్నవాడికి అన్నం పెట్టనివాడు గెలిచినా గెలవనట్టే. ఆచారం మంచిదే. ఎవరో మంచివాళ్ళే పెట్టి ఉంటారు.

“గడప యనియే యున్నది,” అన్నారు నరహరి పంతులుగారు. “శత్రువు గడప యని లేదు.”

“లేదు, లేదు,” అన్నారు అవతలి పంతులుగారు. అంతవరకూ ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరూ చేతులు పట్టుకున్నారు.

ఈరమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది. ఇద్దరు కిల్లేదార్లూ వచ్చి, ఆవిడ గడప మీద ఒకరి కత్తి పక్కన ఒకరి కత్తి పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డారు. వెనక సిపాయిలు వీధిలో ఎవరికి దొరికిన గడప మీద వాళ్ళు కత్తులూ ఈటెలూ పెట్టేశారు. గంగులు తనకి గడప దొరక్క పశువులపాక ముందు పెట్టాడు.

“ఏంది నాయనా ఇది?”

“అమ్మా, తమరు రెండు సంస్థానముల సేనలను జయించితిరి,” అన్నారు నరహరి పంతులుగారు వంగి.

“నేనా?”

“తమ గ్రామము. ఇకపై నడిమిపల్లె మాకు మహాశత్రువు. మా కోట యెదుట నున్నది శత్రుభూమి. తమకు మా దఫ్తరు కృతజ్ఞతలు.”

అవతలి పంతులుగారు కూడా తన తరఫున అదే శత్రుత్వం ప్రకటించి, కృతజ్ఞతలు చెప్పుకున్నారు. ఒక్క దెబ్బతో రెండు కోటలూ సరిహద్దు దుర్గాలైపోయాయి. రక్తం చుక్క చిందలేదు. పంతుళ్ళిద్దరూ పల్లకీలెక్కి వెళ్ళిపోయారు. సైన్యాలు మాత్రం ఉండిపోయాయి, ఖైదీలు గనక.

ఆ సాయంత్రం నుంచీ ఈరమ్మ ఇంట్లో కిల్లేదార్లిద్దరూ, వాళ్ళ అంగరక్షకులూ భోజనానికి కూర్చున్నారు. మొదటి వారంలోనే పోయిన కోత జొన్నలు అయిపోయాయి. తరవాత పాతర మట్టి తీశారు. ఊళ్ళో ప్రతి పాతరా తీశారు. ఈరమ్మ సంగటి కెలికీ కెలికీ చేతులు ఎత్తలేకపోయేది. మనవరాళ్ళు నీళ్ళు మోసి మోసి నడుములు పట్టుకునేవారు. ఓబుళరాజు తిట్టేవాడు కాదు, కసిరేవాడు కాదు. ప్రతి ముద్దకీ ఈరమ్మను “అన్నపూర్ణమ్మ తల్లీ” అనేవాడు. సంగటిలోకి నూరిన ఊరిమిండి పచ్చడిలో ఉప్పు తగ్గిందని మాత్రం ఒకసారి, నొచ్చుకుంటూనే, చెప్పాడు.

ఈరమ్మ అడిగింది.

“మీ రాజు ఎప్పుడు పిలిపిస్తాడు నాయనా?”

“కబురు పెట్టినా అవ్వా. కోటలో జొన్నలు ఖర్చు కాకుండా మిగుల్తాండాయంట. ప్రభువులు శానా సంతోషంగా ఉన్నారంట. తొందర లేదన్నారు.”

“అయితే చేలో మిగిలిన నాలుగు వెన్నులైనా కొయ్యండి నాయనా, తిన్న కూటికి.”

“ఖైదీల చేత పని చేయించుకునేది ధర్మం కాదవ్వా. పైనోళ్ళు ఒప్పుకోరు. లేకుంటే మాకు మనసు లేకనా?” ఓబుళరాజు గొంతులో నిజంగానే బాధ ఉంది. ఇంకో ముద్ద వెయ్యమన్నాడు.

ఇలా కాదని ఈరమ్మ తనే ఓడిపోదామనుకుంది. ఊరంతా ఒప్పుకుంది. ఇంట్లో కత్తి లేక కొడవలి పట్టుకుని ఉరుముకొండ ఎక్కింది. ఆ వయసులో ఆ ఎండకి ఎలా ఎక్కిందో తెలియదు. కోట తలుపు వేసి ఉంది. గడప మీద కొడవలి పెట్టి తట్టింది. కావలివాడు పైనుంచి తొంగి చూశాడు.

“ఎవురవ్వా?”

“నడిమిపల్లె నాయనా. మేం ఓడిపోయినాం. కిల్లేదారును పిలువు.”

“కిల్లేదారుగారు లేరవ్వా. మీ ఇంట్లో ఉండారు.”

“నువ్వు తీసుకోరాదా ఈ కొడవలి?”

“నాకు దీపం పెట్టే అధికారమే ఉండాదవ్వా.”

కొడవలి తీసుకుని ఈరమ్మ దిగి వచ్చింది. ఇంటికొచ్చి ఓబుళరాజునే అడిగింది. ఖైదీగా ఉన్నవాడు ఇంకొకరి లొంగుబాటు తీసుకోకూడదని ఆయన చెప్పాడు. తిమ్మప్ప నాయడిని అడిగితే, పంతులుగారు వచ్చాక అడగమన్నాడు. పంతులుగారు మహాశత్రువు గడప తొక్కరాదని దఫ్తరులోనే ఉండిపోయారు.

పాతరలో తిండిగింజలు అయిపోయాక, అడుగున వేపాకు కలిపి దాచిన విత్తనం తేలింది. ఈరమ్మ దాని మీద చేట బోర్లించి కూర్చుంది. ఇవి కూడు కాదు నాయనా, పైయేటి చేను అని చెప్పింది. కిల్లేదార్లు తలలు దించుకున్నారు. దించుకునే, ఆకలి అయితే ఏం చెయ్యాలని నిబంధన అంటున్నదో చెప్పారు. ఖైదీకి పూట తప్పితే గెలిచినవాళ్ళకి అధర్మం చుట్టుకుంటుందట. ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. తలదించుకుని తిన్నవాడికంటే తలెత్తుకుని దోచుకున్నవాడు నయమనిపిస్తుంది. విత్తనం కూడా సంగటి అయిపోయింది. వేపాకు చేదు తగిలిందని గంగులు ముఖం చిట్లించాడట.

ఊళ్ళో పొయ్యి వెలగని రోజు వచ్చింది. నడిమిపల్లె వాళ్ళు ముంతా చాపా కట్టుకుని, పశువుల్ని తోలుకుని, పట్టపగలే ఊరు విడిచి వెళ్ళిపోయారు. గెలిచి ఊరు విడిచినవాళ్ళు అంతకు ముందెప్పుడూ లేరు కనక, ఎటు వెళ్ళాలో వాళ్ళకి ఎవరూ చెప్పలేకపోయారు. తలా ఒక దిక్కు పట్టారు. ఇంటివాళ్ళు లేని గడప మీద కత్తికి అర్థం లేదు. ఖైదీలు తమ కత్తులు ఏరుకుని, ఎవరి కొండ వాళ్ళు ఎక్కారు.

అప్పటికి అంతా అందంగా కుదిరింది. పల్లంలో పొగ లేదు, మనిషి లేడు. ఖాళీ ఊరు మహాశత్రువుదిగానే ఉంది. రెండు కోటలూ దానికి అటూ ఇటూ నిలబడి సరిహద్దును కాస్తున్నాయి. బండ్ల మీద జొన్నలు మళ్ళీ వస్తున్నాయి. దివాణం వారు దర్బారు చేసి ఓబుళరాజుకి ‘అపజయ ధురంధర’ అనే బిరుదూ, చేతికి కడియమూ ఇచ్చారు. ఆవల తిమ్మప్ప నాయడికి కూడా ఇలాంటిదే ఏదో ఇచ్చారట.

ఆ మరుసటి ఏడు వాన రాలేదు. ఉరుముకొండ కొట్లలో మాత్రం, సైన్యం ఊళ్ళో భోంచేసిన కాలమంతా మిగిలిపోయిన జొన్నలు పురుగు పడుతున్నాయి. పారెయ్యడం పాపమని ప్రభువులు కోట వాకిట్లో గంజి పొయ్యమన్నారు. చుట్టుపక్కల కొండమల్ల గ్రామాల జనం వరస కట్టారు. కొత్త కడియం తొడుక్కుని ఓబుళరాజే పెద్ద గరిటెతో పోస్తున్నాడు. పక్కన గొడుగు నీడన నరహరి పంతులుగారు కూర్చుని పర్యవేక్షిస్తున్నారు.

వరసలో ఈరమ్మ వచ్చింది. మనిషి సగమైంది. పక్కన ఒక్క మనవరాలే ఉంది.

ఓబుళరాజు గుర్తుపట్టాడు. పట్టకేం, నెలల తరబడి ఆ చేతి సంగటి తిన్నవాడు. “అవ్వా,” అని గరిటె నిండా ముంచాడు.

“ఆగుడు,” అన్నారు పంతులుగారు. “ఆమెది ఏ గ్రామము?”

“నడిమిపల్లె సామీ,” అంది ఈరమ్మ.

“కిల్లేదారుగారూ, ఇది ప్రజలకు పోయుచున్న గంజి. ఈమె మనలను జయించిన పక్షము. ఓడినవారు జయించినవారికి ధాన్యరూపమున సమర్పించుకొన్నచో దానిని కప్పమందురు. గంజియైనను కప్పమే. కప్పము చెల్లించు సంస్థానమునకు స్వతంత్ర సరిహద్దు ఉండదు.”

గరిటె గాలిలోనే ఆగింది. గంజి బొట్లు బొట్లుగా తిరిగి గుండిగలో పడుతోంది. మనవరాలు ఆ బొట్ల వైపే చూస్తోంది.

ఈరమ్మకి కోపం వచ్చినట్టు లేదు. రావడానికి ఓపిక ఉండాలి. చేతిలో గిన్నె తీసి కోట గడప మీద పెట్టింది.

“మళ్ళా యుద్ధం చేద్దాం నాయనా,” అంది. “ఈసారి నువ్వు గెలువు.”

ఓబుళరాజు ఆ గిన్నె వైపు చూశాడు. అది తీసుకుంటే తను గెలిచినట్టు. గెలిస్తే నడిమిపల్లె కొండమల్ల వారిది. కొండమల్ల వారిదైతే బురుజు ఎదుట స్వభూమి. పంతులుగారు గొడుగు నీడలోకి సర్దుకున్నారు.

ఓబుళరాజు వంగి, గిన్నెను జాగ్రత్తగా రెండు చేతులతో ఎత్తి, గడప అవతల, ఈరమ్మ కాళ్ళ దగ్గర పెట్టాడు.

“అది మాత్రం అడగొద్దు తల్లీ,” అన్నాడు. “నాకూ పిల్లలుండారు.”

వెనకవాళ్ళని రమ్మన్నాడు.